రేపల్లెలో ఉన్న రెండో కారు

తెనాలిలో పంపుసెట్లకి పేరుపడ్డ బసవపున్నయ్య తన షెడ్డులోనే చిన్నకార్లు చెయ్యడానికి పూనుకున్న సంగతీ, పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో ఆ బుల్లి కారుని చూసి ఊరంతా అతన్ని భుజానికెత్తుకున్న సంగతీ పాఠకులకి గుర్తుండే ఉంటుంది. మొదటి కారు కొనుక్కున్న బాపట్ల డాక్టరు లక్ష్మీనారాయణ, పొన్నూరు దగ్గర మిల్లు సందులోంచి రోడ్డెక్కుతున్న ధాన్యం లారీకి ఎదురుపడి చనిపోయాడు. లారీ ఏమంత వేగంగా రాలేదు. నిండు బరువుతో మూలుగుతూ వచ్చింది. దాని బంపరు మీద కారు పచ్చరంగు కాస్త అంటుకుంది, అంతే. కారు ముందు సీటు మాత్రం వెనక సీటు దగ్గరికి వచ్చేసింది. పరామర్శకి వెళ్ళిన బసవపున్నయ్యని డాక్టరుగారి భార్య సుగుణమ్మ తిట్టలేదు, శపించలేదు. గడపలో నిలబెట్టి ఒక్కటే అడిగింది.

"రెండోది ఎవరి దగ్గరుందండీ?"

*

రెండోది రేపల్లెలో ఉంది. మిషన్ స్కూల్లో చదువు చెప్పి రిటైరైన ఎజ్రా మాస్టారి కూతురు పుష్పలతది.

బాపట్ల నుంచి వచ్చిన మర్నాడు బసవపున్నయ్య షెడ్డులో ఓ పని చేశాడు. సగం తయారైన మూడో కారు ఒకటి మూల పడి ఉంది. దాని డ్రైవరు సీట్లో నిండు తవుడు బస్తాని కూర్చోబెట్టి తాడుతో కట్టించాడు. వాకిట్లో ఇనుపసామాను నింపిన ట్రాక్టరు ట్రక్కుని నిలబెట్టించి, షెడ్డు ముందున్న వాలు మీంచి కారుని దాని మీదికి వదిలించాడు. మనిషి పరుగెడితే ఎంత వేగమో అంతే వేగం. ట్రక్కు కదలను కూడా కదల్లేదు. కారు ముక్కు అప్పడంలా నలిగి, స్టీరింగు కడ్డీ బస్తాలోకి దిగబడింది. తవుడు బొలబొలా కారి సీటు మీంచి కిందికి కుప్పపడింది. అప్పటిదాకా వేడుక చూస్తున్న పనివాళ్ళు ఒక్కొక్కళ్ళే తలొంచుకుని పనిలోకి జారుకున్నారు.

తర్వాత ఆ నలిగిన ముక్కుని సాగగొట్టి, ఇనుప యాంగిల్ కమ్మీలు అతికించి, ఇంజను బిగించి చూశాడు. కారు ముందుకి ఒరిగిపోయింది. ఆ చిన్న ఇంజను అదే వాలు ఎక్కలేక రొప్పి ఆగిపోయింది. బలం పెడితే కదలదు, కదలాలంటే బలం తీసెయ్యాలి. ఎలాగో తంటాలుపడి పెట్టాడే అనుకున్నా, ఎదురొచ్చేది లారీ. లారీ బరువు తగ్గించే విద్య అతని దగ్గర లేదు.

"తీసుకొచ్చెయ్యండి," అంది అతని భార్య మాణిక్యాంబ, అన్నం పెడుతూ. "ఆ పిల్లకి ఏం చెప్తారో నాకు తెలీదు. తీసుకొచ్చెయ్యండి." మజ్జిగ పోస్తూ మళ్ళీ అంది, "మీరు నడుపుకుంటూ మాత్రం రావద్దు. ఏ లారీ మీదో వేయించుకు రండి."

తెల్లవారి మొదటి రైలుకి బయల్దేరాడు. వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది. కోతలైన చేలల్లో కుప్పలు మంచులో తడుస్తున్నాయి. కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంటున్నాడు. పేర్చిన మాట పేర్చినట్టే జారిపోతోంది. దానికి కారణం ఉంది. ఆ కారు అడిగినవాళ్ళకల్లా అమ్మిన సరుకు కాదు. రెండేళ్ళ కిందట ఎజ్రా మాస్టారు షెడ్డుకొచ్చి, చేతిలో గొడుగు అటూ ఇటూ మార్చుకుంటూ, "మా అమ్మాయికి చిన్నప్పుడు పోలియో వచ్చింది బాబూ. కాళ్ళతో తొక్కే పని లేకుండా బండి చెయ్యగలరా?" అని అడిగాడు. బసవపున్నయ్య ఆ అమ్మాయి చేతుల పొడవు కొలిచాడు. బ్రేకుకీ క్లచ్చుకీ యాక్సిలరేటరుకీ చేతి మీటలు పెట్టాడు. చంకకర్రలు పక్కన ఆనించి కూర్చుని జారితే సీట్లోకి వచ్చేసేలా తలుపుని బాగా కిందికి దించాడు. మొదటిరోజు షెడ్డు ఆవరణలో పుష్పలత ఒక్కతే కారుని చుట్టూ తిప్పి తెచ్చి ఆపింది. ఆపింది గాని దిగలేదు. టీ తెప్పిస్తే అది చల్లారిపోయేదాకా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. తను చేసిన వస్తువుని ఒక మనిషి అలా పట్టుకోవడం బసవపున్నయ్య అంతకుముందెన్నడూ చూడలేదు.

ఇప్పుడా చేతుల్లోంచి లాక్కోవడానికి పోతున్నాడు.

*

ఎజ్రా మాస్టారి ఇంటి పక్కన తాటాకు పాక కింద తెల్లకారు కడిగినట్టుగా మెరుస్తోంది. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని పుష్పలత పిల్లల పలకలు తుడుస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. నూనె పెట్టి బిగించి అల్లిన జడ, నీరుకావి పట్టని తెల్లటి చీర. అతన్ని చూసి మొహమంతా వికసించింది.

"బాబాయిగారూ, నిన్ననే అనుకున్నాం మిమ్మల్ని. వానొస్తే టాపులోంచి ఒక్క చుక్క సరిగ్గా నా నెత్తిమీదే పడుతోందండి. మీరే వచ్చారు, చూద్దురుగాని. నాన్నా, పున్నయ్యగారొచ్చారు. కాఫీ పెట్టించు."

"కాఫీ వద్దమ్మా," అన్నాడు బసవపున్నయ్య. కూర్చోకుండానే చెప్పడం మొదలెట్టాడు. కూర్చుంటే చెప్పలేనని భయం. డాక్టరు సంగతి చెప్పాడు. లారీ బంపరు మీద రంగు సంగతి చెప్పాడు. తవుడు బస్తా సంగతి చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

పుష్పలత చేతిలో పలక ఒళ్ళో పెట్టుకుని విన్నది. ఎజ్రా మాస్టారు గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాడు.

"డాక్టరుగారి సంగతి పేపర్లో చూశానండి," అంది చివరికి. "చాలా బాధేసింది. మన కారేనని నాకు తెలుసు."

"తెలిసీ తిరుగుతున్నావా అమ్మా?"

"ఆయన లారీకి ఎదురెళ్ళారండి. నేను లారీ వస్తే పక్కకి తీసి ఆపేస్తాను. అది పోయాకే కదుల్తాను."

"ఆయనా తెలివైనవాడే. ఆయనకీ కళ్ళున్నాయి. సందులోంచి వచ్చిపడితే ఏం చేస్తాడు?" బసవపున్నయ్య కారు దగ్గరికి నడిచి, ముందు రేకు మీద చెయ్యేశాడు. "ఇటు చూడమ్మా. ఇంజను వెనకాల పెట్టాను. ఎందుకంటే అలా పెడితే బండి చిన్నదవుతుంది, చవకవుతుంది. మరి ముందేముంది? ఈ రేకు. రేకు వెనకాల ఏముంది? నీ మోకాళ్ళు. ఏదొచ్చి తగిలినా ముందు తగిలేది నీకే. పెద్ద బండి చిన్న బండిని గుద్దితే పెద్దది ఆగదమ్మా, చిన్నదాన్ని తోసుకుంటూ పోతుంది. ఆ తోపంతా లోపలున్న మనిషి పడాలి."

"రోడ్డు మీద లారీ గుద్దితే బతికేవాళ్ళెవరండి?" పుష్పలత గొంతు పెంచలేదు. "సైకిలు మీద పోయేవాడు బతుకుతాడా? రిక్షా బతుకుతుందా? ఎడ్లబండి? నడిచిపోయేవాళ్ళు? వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి రోడ్డెక్కొద్దని చెప్తారా మీరు?"

"వాళ్ళకి తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"ఒంటి మీద ఏమీ లేదని తెలుసు. లారీ వస్తోందంటే సైకిలువాడు దిగి పొలంలోకి పోతాడు. కారులో అలా కాదు. తలుపు వేసుకున్నాక లోపల ఉన్నామనుకుంటాం." రేకు మీద వేలితో కొట్టి చూపించాడు. "లోపలంటూ ఏమీ లేదమ్మా ఇందులో. నేను చేసిందే కదా, నాకు తెలుసు. మీరిచ్చిందంతా తిరిగిచ్చేస్తాను. దీన్ని నాకిచ్చెయ్యి."

పుష్పలత చంకకర్రలు అందుకుని లేచి నిలబడింది. ఎవరూ పట్టుకోవడానికి వెళ్ళలేదు. ఆ ఇంట్లో అది అలవాటున్నట్టుంది.

"ఇది రాకముందు నేనేం చేసేదాన్నో మీకు తెలుసా బాబాయిగారూ? ఈ వరండాలో కూర్చుని నలుగురు పిల్లలకి ప్రైవేటు చెప్పేదాన్ని. ట్రైనింగ్ పాసయ్యాను, ఉద్యోగానికి పిలిచారు. పెనుమూడి స్కూలు. వెళ్ళడమెట్లా? బస్సు మెట్టు నా నడుముదాకా ఉంటుంది. ఎవరో ఒకరు ఎత్తాలి. ఓ నెల్లాళ్ళు వెళ్ళాను. కొంతమందికి నన్ను ముట్టుకోవడం ఇష్టం ఉండేది కాదు. కొంతమందికి కాస్త ఎక్కువ ఇష్టం ఉండేది. రోజుకి రెండుసార్లు." ఎజ్రా మాస్టారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "మానేశాను. మళ్ళీ ఈ కారొచ్చాకే వెళ్ళాను. ఇప్పుడా స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌ని నేను. పొద్దున్నే ఎవరూ నన్ను ఎత్తకుండా వెళ్తాను, సాయంత్రం ఎవరూ ఎత్తకుండా వస్తాను. మీరు చేసిందానికి ప్రతి ఆదివారం గుడిలో మీ పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. ఇప్పుడొచ్చి ఇచ్చెయ్యమంటారేంటి?"

బసవపున్నయ్య రైల్లో పేర్చుకున్న మాటలన్నీ డాక్టరు గురించీ, లారీ గురించీ. బస్సు మెట్టు గురించి ఒక్కటీ లేదు.

"ఆలస్యమవుతోంది. చీర మార్చుకుని బయల్దేరాలి. మీరు టిఫిన్ చేసే వెళ్ళాలండి," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కర్రల చప్పుడు నట్టింటి మీదుగా వెనక గదిలోకి పోయింది.

ఎజ్రా మాస్టారు దగ్గరికొచ్చాడు.

"నేను చెప్తే వినదు బాబూ. మీ దగ్గరికొచ్చి అడిగింది నేనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?" గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక పని చెయ్యండి. లోపల ఏదో ఒక వైరు పీకెయ్యండి. చెడిపోయింది, తెనాలి తీసుకెళ్ళి బాగుచెయ్యాలని చెప్పండి. అక్కడే ఉంచేసుకోండి. బాగవలేదు, బాగవలేదు అని చెప్తూ ఉండండి. కొన్నాళ్ళకి అదే మర్చిపోతుంది."

మర్చిపోదని ఇద్దరికీ తెలుసు. అయినా బసవపున్నయ్య వెనక్కి నడిచి ఇంజను మూత ఎత్తాడు. ఎత్తి నిలబడిపోయాడు. ఇంజను అద్దంలా ఉంది. మట్టి లేదు, నూనె జిడ్డు లేదు. గొట్టాల మూలల్లో కూడా ఎవరో గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచినట్టుంది. తన షెడ్డులో కూడా ఏ ఇంజనూ ఇంత శుభ్రంగా లేదు. వైరు మీద చెయ్యేశాడు. చిన్న గుంజు గుంజితే చాలు.

"పీకండి."

తలెత్తి చూశాడు. పుష్పలత పక్క గుమ్మంలో నిలబడి ఉంది. చీర మార్చుకోలేదు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో.

"పీకండి బాబాయిగారూ. మీ వస్తువే కదా. పీకేసి, నన్ను ఎత్తుకెళ్ళి బస్సెక్కించండి. రేపు కూడా రండి. ఎల్లుండి కూడా."

ఎజ్రా మాస్టారు, "అమ్మాయ్," అని మాత్రం అనగలిగాడు.

బసవపున్నయ్య వైరు వదిలేశాడు. మూత దించాడు. దించేటప్పుడు కూడా చప్పుడు కాకుండా, అలవాటు కొద్దీ, రెండు చేతులతో నొక్కాడు.

పుష్పలత పలకల సంచి సీటు వెనక పడేసి, కర్రలు ఆనించి, కూర్చుని జారి లోపలికి చేరింది. తలుపు లాక్కుంది. రేకు తలుపు డబ్బా మూతలా టప్పున పడింది. ఆ తలుపు తేలిగ్గా ఉండాలని రేకు పలచన చేయించింది బసవపున్నయ్యే.

*

తిరుగు రైలు మధ్యాహ్నం గాని లేదు. ఇంట్లో ఆ ముసలాయన ఎదుట కూర్చోలేక, "ఆ రోడ్డు ఓసారి చూసొస్తాను మాస్టారూ," అని బయల్దేరాడు. స్టాండులో పెనుమూడి రేవుకి పోయే బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు పక్కన, ఇంజను మూత దగ్గరున్న సీటు దొరికింది.

ఊరు దాటాక రోడ్డు సన్నబడింది. ఒక పక్క కాలవ, ఒక పక్క కోత కోసిన పొలం. మధ్యలో బస్సు ఒక్కటి పట్టేంత తారు. ఎదురుగా ధాన్యం లారీలు, వెనక నుంచి కృష్ణలో ఇసుక కోసం ఖాళీగా పరుగెత్తే లారీలు. బసవపున్నయ్య సీటు కమ్మీ పట్టుకుని ప్రతి లారీనీ చూస్తున్నాడు. ఎదురైన ప్రతిసారీ బస్సు డ్రైవరు ఒక చక్రం మట్టిలోకి దించుతున్నాడు, లారీవాడు ఒక చక్రం దించుతున్నాడు. పెద్దవాళ్ళిద్దరూ ఒకరికొకరు దారిచ్చుకుంటున్నారు.

"ఈ రోడ్డు మీద ఒక చిన్నకారు తిరుగుద్ది, చూశారా బాబూ?" అని అడిగాడు డ్రైవర్ని.

"టీచరమ్మగారిదా? చూడకేమండి, రోజూ చూస్తాం. మంచి మనిషి." డ్రైవరు చెయ్యి బయటికి పెట్టి ఎవరికో సైగ చేశాడు. "కానండి, నిజం చెప్పాలంటే చూసేదేముంది, దూరంలో ఉంటేనే కనపడుద్ది. మరీ దగ్గరికొచ్చేస్తే ఈ బానెట్ కిందికి పోద్దండి. అలాంటప్పుడు ఉందో లేదో దేవుడికే తెలియాలి. మా వాళ్ళందరికీ చెప్పా, ఈ టైములో జాగర్తరా అని. ఇసకలారీలోళ్ళకి ఎవరు చెప్తారు? రోజుకో కొత్తోడు వస్తాడు."

మరికాస్త దూరం పోయాక ముందు తెల్లగా చుక్కలా కనిపించింది. ఇంటి దగ్గర అంత ముందు బయల్దేరిన కారు ఇంకా ఇక్కడే ఎందుకుందో అతనికి అర్థం కాలేదు. దారిలో ఎక్కడో ఆగి ఉండాలి. బస్సు దాన్ని సమీపించి హారను కొట్టింది. కారు బుద్ధిగా పక్కకి జరిగి, కాలవ అంచు దాకా పోయింది. బస్సు ఒక పక్క మట్టిలోకి వాలుతూ దాన్ని దాటుతుంటే బసవపున్నయ్య కిటికీలోంచి కిందికి చూశాడు.

కారు నిండా పిల్లలున్నారు.

ముందు సీట్లో పుష్పలత పక్కన ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. వెనక ఎంతమందో లెక్క తెలియలేదు. రిబ్బన్లు, పలకలు, ఒకరి ఒళ్ళో ఒకరు. ముందున్న పిల్ల ఒకతి నిలబడి, రెండు చేతులూ అద్దం కింద రేకు మీద ఆనించి, బస్సుని చూసి నవ్వుతోంది.

బసవపున్నయ్య కళ్ళకి తవుడు కారడం కనిపించింది.

"ఆపండి బాబూ. ఇక్కడే దిగాలి."

"ఇక్కడేముందండి?"

"ఆపండి."

బస్సు ఆగింది. అతను దిగగానే దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ దుమ్ములో నిలబడి, వస్తున్న కారుకి అడ్డంగా రెండు చేతులూ చాపాడు. పుష్పలత చేతి మీట ఒక్కసారిగా గుంజినట్టుంది. కారు ముక్కు వంచుకుని అతని ముందు ఆగి, ఒక కుదుపు కుదిపి, ఇంజను ఆరిపోయింది.

"ఏంటిది బాబాయిగారూ?" ఆమె మొహంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. "మధ్య రోడ్డులో ఇలా నిలబడతారా?"

"ఎవరమ్మా ఈ పిల్లలు?"

"మా స్కూలు పిల్లలు. దారిలో గూడెంలోవాళ్ళు."

"దించెయ్యమ్మా. నీ ప్రాణం నీ ఇష్టం, నేనేం చెప్పలేకపోయాను. వీళ్ళని దించెయ్."

"దించి?" పుష్పలత అతని కళ్ళలోకి చూసింది. "నడిపించనా? రోజూ నడిచే వచ్చేవాళ్ళండి. పోయిన వానాకాలం ఈ మలుపులోనే, నడిచొస్తున్న పిల్లని లారీ కొట్టేసింది. మూడో తరగతి. పేరు కరుణమ్మ. ఆ మర్నాటి నుంచే ఎక్కించుకోవడం మొదలెట్టాను." చేత్తో వెనక పిల్లల్ని చూపించింది. "కారులోనూ వద్దు, కాలినడకనా వద్దు. వీళ్ళు ఎలా రావాలో మీరే చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను."

ముందు సీట్లో నిలబడ్డ పిల్ల అతన్నే చూస్తోంది, ఈయన ఏం చెప్తాడా అన్నట్టు.

అప్పుడు వినిపించింది. కారు వెనక, మలుపు అవతల, ఖాళీ లారీ ఇనుపతలుపులు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు. ఇసుకకి పోయే లారీ. బరువు లేని లారీ ఎంత వేగంగా వస్తుందో అతను ఈ పొద్దున్నంతా చూశాడు. బస్సు రేపిన దుమ్ము ఇంకా అణగలేదు. ఆ దుమ్ములో ఈ తెల్లకారు లారీవాడికి కనిపించదు.

"స్టార్ట్ చెయ్యమ్మా," అన్నాడు.

పుష్పలత తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పింది.

ఈ కారు ఇక్కడ ఇలా ఆగి ఉండాల్సింది కాదు. ఆపింది తను. బసవపున్నయ్య వెనక్కి పరుగెత్తి, కారు కిందికి రెండు చేతులూ దూర్చి, పొలం వైపుకి ఎత్తబోయాడు, కారు ఊగింది. లోపల పిల్లలు కేరింతలు కొట్టారు, ఆట అనుకుని. తను చేసిన కారు ఎంత తేలికో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఇద్దరు మనుషులుంటే చాలు, దాన్ని ఎత్తి పక్కన పెట్టెయ్యొచ్చు.

మలుపులో లారీ ముక్కు కనిపించింది. రోడ్డు మీద ఎత్తడానికి రెండో మనిషి లేడు, అతనొక్కడే ఉన్నాడు.